కుడి భుజం ఖాళీ చేయించిన వైనం

పల్లెపు నరహరి కుడి భుజంలో, ముప్పై రెండేళ్ళ కింద చనిపోయిన ఆయన తండ్రి ఎల్లయ్య ఉంటున్నాడని గోల్ఫ్ కోచ్ ప్రభాకర్ మార్చి నెల రెండో మంగళవారం పొద్దున ఆరున్నరకు గుర్తించి, అందుకోసమే ఉంచిన రిజిస్టరులో రాసుకున్నాడు. రిజిస్టరులో అయిదు గడులు ఉంటాయి. సభ్యుడి పేరు, శరీర భాగం, లోపల ఉన్నవారితో బంధుత్వం, ఎప్పటినుంచి ఉంటున్నారు, ఆటకు కలుగుతున్న ఇబ్బంది. నాలుగో గడి దగ్గర ప్రభాకర్ పెన్ను ఆపాడు.

"నాయన ఎప్పుడు పోయిండు సార్?"

"నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు."

"పాడె మోసినరా?"

"మోసిన. అన్న నిప్పుకుండ పట్టుకున్నడు. నేను కుడి భుజం పెట్టిన."

"గంతే సార్. పాడె దించిన్రు గని ఆయన దిగలే," అని ప్రభాకర్ తారీకు వేసి, నరహరి చేత సంతకం పెట్టించుకున్నాడు.

ఆ క్లబ్బులో ఆ ఏడాది ఇది తొమ్మిదో కేసు. అంతకుముందు నెలలో ఒక ఎముకల డాక్టరు మోచేతిలో పిండి విసిరే అమ్మమ్మ దొరికింది. ఒక సిమెంటు వ్యాపారి నడుములో ఆయన మూడో తరగతి పంతులు దొరికాడు. ఆ పంతులు బంతి కొట్టే ముందు ప్రతిసారీ గోడకుర్చీ వేయించేవాడట. ఇద్దరినీ పద్ధతి ప్రకారం ఖాళీ చేయించారు. డాక్టరు ఇప్పుడు బంతిని రెండు వందల నలభై గజాలు కొడతాడు, అమ్మమ్మ మాట ఎత్తితే ఏ అమ్మమ్మ అని అడుగుతాడు.

నరహరికి గోల్ఫ్ మీద మోజేమీ లేదు. ఆయన ఒక ప్రభుత్వ శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరు. రెండేళ్ళ కింద ఆ శాఖ సమీక్షా సమావేశాలను సమావేశ మందిరం నుంచి గోల్ఫ్ మైదానానికి మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. నగరం పడమటి అంచున, బండలు పేల్చి చదును చేసిన నేల మీద పద్దెనిమిది హోళ్ళ మైదానం అది. నాలుగో హోల్ దగ్గర బదిలీలు మాట్లాడతారు. తొమ్మిదో హోల్ దగ్గర టెండర్లు. పద్నాలుగో హోల్ దగ్గర పదోన్నతులు. శాఖ కార్యదర్శి గారు నడుస్తూ మాట్లాడతారు, ఆయన పక్కన నడుస్తున్నవాడికే జవాబు చెప్పే అవకాశం ఉంటుంది. నలుగురి బంతులూ ఒక దారిన పోతే ఉలిపికట్టె లాగా నరహరి బంతి మాత్రం కుడివైపు వంగి తుమ్మపొదల్లో పడేది. ఆయన పొదల్లో దాన్ని వెతుక్కుంటూ ఉండగా మిగతావాళ్ళు ముందుకు వెళ్ళి, మాటలు ముగించుకుని, అరటిపళ్ళు తినేసేవారు. చీఫ్ ఇంజనీరు పోస్టు మూడుసార్లు పద్నాలుగో హోల్ దగ్గర చర్చకు వచ్చింది. మూడుసార్లూ నరహరి తుమ్మపొదల్లోనే ఉన్నాడు. నాలుగోసారి జూన్ నెలాఖరున రాబోతోంది, ఆ తర్వాత ఆయన పదవీ విరమణ దాకా ఇంకోసారి రాదు.

అందుకే స్వింగ్, అంటే కర్ర ఊపే తీరు, బాగుచేసుకోవడానికి ప్రభాకర్ దగ్గర చేరాడు. ప్రభాకర్ ముప్పై ఏళ్ళు క్యాడీగా బ్యాగులు మోసి, ఎదుటివాళ్ళ భుజాలు చూసి చూసి కోచ్ అయినవాడు. కెమెరాలో నరహరి స్వింగ్‌ను నెమ్మదిగా తిప్పి చూపించాడు. బంతి ముందు నిలబడటం బాగానే ఉంది. కర్రను వెనక్కి ఎత్తడమూ బాగానే ఉంది. పైకి ఎత్తిన కర్ర కిందికి దిగేటప్పుడు పదకొండు ఫ్రేముల్లో కుడి భుజం నరహరిది కాదు. నల్లగా, ఎండిపోయి, రాతిపొడి అంటిన భుజం. అది సమ్మెట ఎత్తినట్టు నిట్టనిలువునా దిగుతోంది. బంతికి తగలగానే ఠక్కున ఆగిపోతోంది. వాల్యూమ్ పెంచితే "హూఁ" అని ఒక ఊపిరి వినిపిస్తోంది.

"రాళ్ళు కొట్టెటోళ్ళా?" అన్నాడు ప్రభాకర్.

"అవును," అన్నాడు నరహరి. ఆ ఒక్క మాట ఆఫీసులో ఎవరితోనూ ఎప్పుడూ అని ఉండలేదు.

ఇంటికెళ్ళి భార్య వసుమతికి చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "మీకు ఇప్పుడు తెల్సిందా? పెండ్లయిన రాత్రి నుంచి మామ దగ్గు ఇనుకుంటనే ఉన్న. మీ కుడివైపు పండుకుంటే నిద్ర పట్టదని గదా ఎడమవైపు పండుకునేది," అంది. ఎల్లయ్య రాతిపొడి ఊపిరితిత్తుల్లో నిండి చనిపోయాడు. చనిపోయినంత మాత్రాన దగ్గు తగ్గుతుందన్న నియమం ఎక్కడా లేదు.

ఎవరినైనా ఖాళీ చేయించే ముందు వారికే ఆట నేర్పి చూడాలని క్లబ్ నిబంధనల్లో ఉంది. నరహరి ఈ నిబంధన విని ఊరట చెందాడు. మూడు వారాలపాటు ప్రభాకర్ రోజూ పొద్దున్నే భుజానికి ఎదురుగా కూర్చుని పాఠం చెప్పాడు. ఎల్లయ్య శ్రద్ధగా విన్నాడు. బుద్ధిమంతుడైన ముసలివాడు, పని చెప్పినవాళ్ళకు ఎదురు మాట్లాడే అలవాటు లేదు. అయితే రెండు చోట్ల చిక్కు వచ్చింది.

మొదటిది, ఎల్లయ్య బంతిని తాకకుండా కొట్టనన్నాడు. బండ మీద మొదటి దెబ్బ వేసే ముందు దాన్ని చేత్తో తాకి కళ్ళకు అద్దుకుని, తప్పు కాయి తల్లీ అనుకోవడం వాళ్ళ ఇంటి వాడుక. అడగకుండా కొట్టిన రాయి ముక్క కంట్లో పడుతుందని నమ్మకం. కాబట్టి ప్రతి దెబ్బకు ముందూ నరహరి కుడిచెయ్యి తనంతట తాను కిందికి వంగి, బంతిని తాకి, కళ్ళకు అద్దుకునేది. ఆటలో ఉన్న బంతిని చేత్తో తాకితే ఒక స్ట్రోకు జరిమానా. ఒక్క పొద్దున్నే నరహరికి డెబ్బై నాలుగు స్ట్రోకుల జరిమానా పడింది. వెనక ఆడుతున్న సభ్యులు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారు.

రెండోది ఇంకా పెద్ద చిక్కు. గోల్ఫ్‌లో బంతికి దెబ్బ తగిలాక కూడా కర్ర ఆగకూడదు. చేతులు అలాగే సాగి, ఎడమ భుజం మీదుగా వెనక్కి పోవాలి. అందమంతా అందులోనే ఉంటుంది. ఎల్లయ్య ఎంత చెప్పినా దెబ్బ తగిలిన చోటే ఆపేసేవాడు.

"తగిలినంక ఎందుకు సారూ ఇంకా ఊపుడు?" అని అడిగాడు ఒకరోజు. భుజంలోంచి వచ్చే గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, అలవాటైతే మాటలు స్పష్టంగానే తెలుస్తాయి. "రాయి పగిలినంక చెయ్యి ఆపాలె. ఆపకపోతే పక్కనున్నోళ్ళ మీద పడతది."

ప్రభాకర్ కర్రను బ్యాగులో పెట్టేశాడు. తర్వాత నరహరిని పక్కకు పిలిచాడు. పక్కకు పిలిచినా భుజం వెంటే వస్తుంది కాబట్టి, కాగితం మీద రాసి చూపించాడు. "నేర్చుకోడు సార్. నోటీసు ఇద్దాం."

నోటీసు పన్నెండో నంబరు ఫారం. స్వింగ్‌లో అనుమతి లేకుండా నివసిస్తున్న వ్యక్తికి తెలియజేయునది ఏమనగా అని మొదలవుతుంది. ఇంటి నోటీసును తలుపుకి అంటించినట్టే దీన్ని భుజానికి అంటించాలి, పదిహేను రోజులు ఊడకూడదు. నరహరి పదిహేను రోజులూ ఎడమవైపే స్నానం చేశాడు. నివాసికి చదువు రాకపోతే సభ్యుడే చదివి వినిపించి, వినిపించినట్టు ధ్రువీకరించాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నరహరి పడకగదిలో అద్దం ముందు చొక్కా విప్పి కూర్చుని నోటీసు చదివాడు. అద్దంలో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి కాబట్టి కార్బన్ కాపీ తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు క్వారీ గుత్తేదారు ఇచ్చిన కాగితాలన్నీ ఎల్లయ్య ఇలాగే ఇంటికి తెచ్చి, అయిదో తరగతి కొడుకు ముందు గొంతుక్కూర్చుని చదివించుకునేవాడు. నరహరి ఉపోద్ఘాతం చదివాడు, సెక్షన్లు చదివాడు, గడువు తేదీ చదివాడు. మధ్యలో ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చదివాడు. తండ్రి అడ్డు చెప్పకుండా ఆఖరు అక్షరం దాకా విన్నాడు.

"మంచిగ చదివినవ్ బిడ్డా," అన్నాడు. "ఏడ తడబడలే."

"నాయినా, సమజైందా ఏం రాసిన్రో?"

"పొమ్మన్నరు. గంతే గదా. పొమ్మనేటి కాయితాలన్ని ఒక్క తీర్గనే ఉంటయ్ కొడుకా. నడిమిట్ల నువ్వు నీళ్ళెందుకు తాగినవ్?"

నరహరికి ఏడుపు వచ్చింది, అది కుడి భుజానికి తెలియకూడదని ఎడమ చేత్తో తుడుచుకున్నాడు. తర్వాత చదివి వినిపించడమైనది అని రాసి సంతకం చేశాడు.

విచారణ మే నెల మొదటి శనివారం క్లబ్బు పేకాట గదిలో జరిగింది. బల్లల మీద ముక్కలు సర్దేసి ఆకుపచ్చ గుడ్డ పరిచారు. స్వింగ్ కమిటీ అధ్యక్షుడు రంగనాయకులు గారు న్యాయశాఖలో పనిచేసి రిటైరైనవారు. ఎవరినీ నొప్పించని మనిషి, ఖాళీ చేయించే ప్రతి ఉత్తర్వు చివరా శుభాకాంక్షలు రాస్తారు. ఆయన ముందుగా ఎల్లయ్యకు మంచినీళ్ళు కావాలా అని అడిగారు. వద్దన్నాడు.

"మీ అబ్బాయి భుజంలో ఉండటానికి మీకు ఉన్న హక్కు ఏమిటో చెప్పండి," అన్నారు.

"హక్కేం లేదు సారూ. ఆ పొద్దు పొలగాడు చెప్పుల్లేక నడుస్తుండె. బరువు ఇటే ఒరిగింది. దిగుదామంటే ఒక్కడు ఎట్ల బతుకుతడో అని దిగలే."

"ఇప్పుడు బాగానే బతుకుతున్నారు కదా."

"బతుకుతుండు సారూ. ఒక్క రాయి సంగతే నా రంది. రాయిని తట్టి చూసినప్పుడు ఖంగుమంటె మంచిది, బొద్దుమంటె లోపల పగులున్నట్టు. కట్టల మీద, వంతెనల మీద పొలగాడు తట్టి చూస్తడు. అది నేనే ఇని చెప్త. మొన్న మొన్న గూడ ఒక కట్ట రాయి వాపస్ పంపించినం."

కమిటీలోని మిగతా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పని చేయడానికి ప్రయోగశాలలు ఉన్నాయని, అవి సర్టిఫికెట్ కూడా ఇస్తాయని అధ్యక్షుడు మృదువుగా చెప్పి, ఆ వాక్యాన్ని రికార్డులో రాయించారు. సర్టిఫికెట్ ఇవ్వగలిగిన వాళ్ళతో ఎల్లయ్య వాదన పెట్టుకోలేదు. నరహరిని మాత్రం అడిగాడు.

"నీకు అడ్డమొస్తున్ననా బిడ్డా?"

నరహరి ఒక్క మాట అంటే సరిపోయేది. కాదు నాయినా అంటే కేసు కొట్టివేసేవారు, నిబంధనల్లో అదీ ఉంది. ఆయనకు జూన్ నెలాఖరు గుర్తొచ్చింది. కిందటిసారి ఆ పోస్టు దక్కించుకున్న, తనకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు పెద్ద కుర్చీలో కూర్చుని, ఏం నరహరీ అని పిలవడం గుర్తొచ్చింది. తుమ్మముళ్ళు గుర్తొచ్చాయి. ఆయన బల్ల మీది ఆకుపచ్చ గుడ్డను గోటితో గీకుతూ ఉండిపోయాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం కమిటీ వారు రాసుకున్నారు.

ఖాళీ చేయడం నొప్పి లేకుండానే అయింది. గురువారం పొద్దున ప్రభాకర్ నరహరి చేతికి బరువైన కర్ర ఇచ్చి గాలిలో నలభైసార్లు ఊపమన్నాడు. ముప్పై ఏడో ఊపుకి ఎల్లయ్య దిగాడు. గళ్ళ లుంగీ, తలకు తువ్వాలు, చేతులకు మోచేతుల దాకా తెల్లటి పొడి. బయటి వెలుతురుకి కళ్ళు చికిలించి, కొడుకు నెత్తిని ఒకసారి నిమిరి, ఎటు పోవాలని ప్రభాకర్‌ని అడిగాడు. క్లబ్బు ఎవరినీ వీధిన పడేయదు. ఖాళీ చేసినవారికి మైదానం పనిలో చోటిస్తుంది. ఎల్లయ్యకు పద్నాలుగో హోల్ పక్కన ఇసుక గుంతలో ఇసుక సాపు చేసే పని ఇచ్చారు. రాళ్ళు కనిపిస్తే ఏరి పక్కన పెట్టాలి. ఆట జరుగుతుండగా సభ్యులతో మాట్లాడకూడదు. సభ్యులూ పనివారితో మాట్లాడకూడదు. ఈ నియమం ఇద్దరి మర్యాద కోసమూ పెట్టిందే.

ఆ రోజు నరహరి బరువు చూసుకుంటే మూడు కిలోలు తగ్గింది. చొక్కా కుడివైపు జారుతోందని దర్జీ లోపల చిన్న దూది బిళ్ళ పెట్టి కుట్టాడు. వసుమతి పక్కకు జరిగి కుడివైపు పడుకుంది, నాలుగు రాత్రులు నిద్రపోలేదు. "ఏం చప్పుడు లేదు," అంది అయిదో రోజు.

స్వింగ్ మాత్రం అద్భుతంగా మారిపోయింది. కర్ర నూనె రాసినట్టు వెనక్కి వెళ్ళేది, నూనె రాసినట్టు దిగేది, దెబ్బ తగిలాక ఆగకుండా సాగి ఎడమ భుజం మీదుగా తిరిగి వచ్చేది. బంతి తిన్నగా పోయేది. పది రోజుల తర్వాత ప్రభాకర్ మళ్ళీ కెమెరా పెట్టాడు. అన్ని ఫ్రేములూ ఒక్కొక్కటిగా చూసి, ముద్రవేసిన కాగితం ఇచ్చాడు. తనిఖీ చేయగా స్వింగ్‌లో ఎవరూ లేరు అని అందులో ఉంది.

నరహరి దాన్ని రెండుసార్లు చదివాడు. "నాయన లేడు అని కదా రాయాల్సింది," అన్నాడు.

"నాయన లేడు సార్."

"మరి నేను?"

ప్రభాకర్ కెమెరా వెనక్కి తిప్పి మర్యాదగా ఇంకోసారి చూశాడు. మొదటి ఫ్రేము నుంచి ఆఖరు ఫ్రేము దాకా చూశాడు. "ఎవరూ అంటే ఎవరూ లేరు సార్," అన్నాడు. "మంచి స్వింగ్‌లన్నీ గిట్లనే ఉంటయి. పెద్ద సార్లందరివీ చూసిన నేను. మీరు పరేషాన్ కావద్దు."

నరహరి పరేషాన్ కాలేదు. అసలు ఆ కాగితం గురించి తనకు ఏమనిపిస్తోందో చూసుకోబోతే, చూసుకోవలసిన చోట ఏమీ తగల్లేదు. ఆ వారం ఒక చెరువు కట్ట పని చూడటానికి వెళ్ళి, అలవాటు కొద్దీ రాళ్ళను చేత్తో తట్టాడు. అన్ని రాళ్ళూ ఒకేలా పలికాయి. గుత్తేదారు ప్రయోగశాల సర్టిఫికెట్ చూపించాడు. నరహరి సంతకం పెట్టాడు, మధ్యాహ్నం భోజనానికి ముందే పని అయిపోయింది. అంత త్వరగా తనిఖీ ముగియడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి.

జూన్ ఇరవై ఎనిమిదిన శాఖ సమీక్ష మొదలైంది. నాలుగో హోల్ దగ్గర నరహరి కార్యదర్శి గారి పక్కనే నడిచాడు. తొమ్మిదో హోల్ దగ్గర ఆయన చెప్పినదానికి కార్యదర్శి గారు రెండుసార్లు తల ఊపారు. పద్నాలుగో హోల్‌కి వచ్చేసరికి ఎండ ముదిరింది. కుడివైపు తుమ్మపొదలు, ఎడమవైపు ఇసుక గుంత. గుంతలో తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలివాడు ఇసుక సాపు చేస్తూ, సార్లు వస్తున్నారని లేచి పక్కకు జరిగి నిలబడ్డాడు. నియమం ప్రకారం మాట్లాడకుండా చూపు కిందికి దించుకున్నాడు. గట్టు మీద తెల్లటి చిన్న రాళ్ళు వరుసగా పేర్చి ఉన్నాయి.

నరహరి వంతు వచ్చింది. కర్ర లేచింది, దిగింది, తగిలింది, సాగింది. బంతి నీలాకాశంలో తిన్నగా పోయి, జెండాకి రెండడుగుల దూరంలో పడి నిలిచింది. కార్యదర్శి గారు చప్పట్లు కొట్టారు. మిగతా అధికారులు కొట్టారు. నరహరి కూడా కర్రను చంకలో పెట్టుకుని, అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

ఇసుక గుంతలో ముసలివాడు బంతి పోయిన దారివైపు చాలాసేపు చూశాడు. తర్వాత నిలబడ్డ అయిదుగురినీ ఒక్కొక్కరినీ చూశాడు, ఎవరి దగ్గరా చూపు ఆగలేదు. బ్యాగు మోస్తున్న నడివయసు క్యాడీని అడిగాడు.

"ఎవరు కొట్టిన్రు పటేలా గిది?"

ఆ మాట నరహరికి వినిపించింది. తనూ అదే తెలుసుకోవాలనుకుంటున్నట్టు క్యాడీ వైపు తిరిగి, చప్పట్లు ఆపి, జవాబు కోసం చూశాడు.

"ఎవరో సారు," అన్నాడు క్యాడీ.

ముసలివాడు సరేనని తల ఊపి మళ్ళీ ఇసుక సాపు చేయసాగాడు. నరహరికి కూడా ఆ జవాబు సరిపోయింది. కార్యదర్శి గారు ఆయన కుడి భుజం మీద చెయ్యి వేసి ముందుకు నడిచారు, చీఫ్ ఇంజనీరు పోస్టు సంగతి జెండా దగ్గరికి చేరేలోపే తేలిపోయింది.